ముందు పచ్చిక, తర్వాత చెరువు: బెంగళూరులో కొత్తవారికి ఫ్లై ఫిషింగ్ నేర్పాలంటే

మాది కైకలూరు దగ్గర పల్లె. నాన్న చేపల చెరువులు చేసేవారు. మా ఇంట్లో చేప అంటే టన్నుల లెక్క, లారీల లెక్క, ఐసు బిల్లుల లెక్క. అలాంటి ఇంట్లో పుట్టిన నేను బెంగళూరులో ఈకలు చుట్టిన చిన్న కొక్కెంతో ఒక్క చేపను పట్టి, దాన్ని మళ్లీ నీళ్లలో వదిలి, ఆ విద్య నలుగురికీ నేర్పుతున్నానంటే మా మేనమామకు ఇప్పటికీ నవ్వు ఆగదు. "వదిలేసేదానికి పట్టడం దేనికే?" అంటాడు. ఆయనకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. మీ అపార్ట్‌మెంటులోనో ఆఫీసులోనో ఆరేడుగురికి సరదా పుట్టి "మాకూ నేర్పించండి" అని వెంటపడితే మాత్రం, ఆ తరగతిని ఎలా నడపాలో చెప్పగలను.

మొదటి రోజు నీళ్ల జోలికి పోకండి. చెరువు కనబడితే కొత్తవారి కళ్లు నీటి మీదే ఉంటాయి, చెయ్యి ఏం చేస్తోందో పట్టించుకోరు. ఒక చేప ఎగిరిందంటే అంతవరకు మీరు చెప్పిందంతా గంగలో కలుస్తుంది. ఈ విద్యలో కష్టమంతా లైను విసరడంలోనే ఉంది. అది నేర్చుకోవడానికి నీళ్లు అక్కర్లేదు, కొక్కెం అంతకన్నా అక్కర్లేదు. రెండు ఆదివారాలు పచ్చిక మీద, మూడో ఆదివారం చెరువు దగ్గర. అంతకు ఒప్పుకోనివారు మీ తరగతికి రాకపోయినా నష్టం లేదు.

మామూలు గాలంలో సీసపు గుండో ఎరో బరువుగా ఉండి దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ బరువంతా లైనుదే. ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువే ఉండదు. ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి లైను గాలిలో మడత విప్పుకుంటూ ముందుకు పోతుంటే దాని కొసన ఫ్లై కూడా పోతుంది. రాడ్ (గాలపు కర్ర) మీద, లైను డబ్బా మీద కనిపించే నంబరు ఈ బరువును బట్టి వచ్చిందే. ఐదో నంబరు లైనులో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే దాదాపు 9 గ్రాములు. ఎనిమిదో నంబరుకు అది 210 గ్రెయిన్లు. ఈ సంగతి మొదటి పది నిమిషాల్లోనే అందరి బుర్రకూ ఎక్కించాలి. బంతి విసిరిన అలవాటుతో భుజబలం చూపించే క్రికెట్ వీరులకు రెండుసార్లు చెప్పాలి. ఇక్కడ బలం ఎంత ఎక్కువ పెడితే లైను అంత దగ్గరలో కుప్పపడుతుంది. మా దగ్గర ఆడవాళ్లకే తొందరగా చెయ్యి కుదరడం చూస్తుంటాను. వాళ్లు లైనుతో కుస్తీ పట్టరు.

ఇక మనుషుల లెక్క. నేర్పేవారు ఒక్కరైతే నలుగురు, ఇద్దరైతే ఎనిమిది మంది. అంతకు మించితే రెండు జట్లుగా చేసి వేరే వేరే రోజుల్లో రమ్మనండి. కొత్తవారిని పది నిమిషాలు వారి మానాన వదిలేస్తే తప్పు చేతికి అలవాటైపోతుంది, దాన్ని విడిపించడానికి గంట పడుతుంది. ఒక రిసార్టులో ఇరవై మందికి రెండు రాడ్లిచ్చి గట్టు మీద వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయించడం చూశాను. దాన్ని విహారం అనవచ్చు, నేర్పడం అనలేం.

మీ దగ్గర ఎనిమిది రాడ్లు ఉన్నా నాలుగే బయటికి తీయండి. ఇద్దరికి ఒకటి. ఒకరు విసురుతుంటే రెండోవారు ఎడమవైపు పక్కగా, లైను తగలనంత దూరంలో నిలబడి వెనక్కి వెళ్లిన లైనును గమనించాలి. అది తిన్నగా సాగిన క్షణంలో "తెరుచుకుంది" అనాలి. అంతకు మించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. విసిరేవారికి ఆ మాట ఎంత ఉపయోగమో, చూసేవారికి ఆ చూపు అంతకన్నా ఉపయోగం. తన వంతు వచ్చేసరికి సగం విద్య కళ్లతోనే వచ్చేసి ఉంటుంది. భార్యాభర్తలను మాత్రం ఒక జంటగా వేయకండి. కారణం నేను రాయనక్కర్లేదు. పదేళ్లలోపు పిల్లలు తొమ్మిది అడుగుల రాడ్‌ను ఎంతోసేపు పట్టుకోలేరు, వాళ్లకు వేరే రోజు, వేరే సామగ్రి.

మైదానం దొరకడమే ఈ ఊళ్లో అసలు పని. ఒక్కొక్కరికి ముందు నలభై అడుగులు, వెనుక నలభై అడుగులు ఖాళీ కావాలి. ఇద్దరి మధ్య కనీసం ఇరవై అడుగులు ఉండాలి. ఎడమచేతివాటం వారిని వరుస కొసన నిలబెట్టండి. కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ పచ్చికలు ఎవరికైనా నోరూరిస్తాయి కానీ అవి ఉద్యానవన శాఖవి. సామగ్రితో గుంపుగా దిగాలంటే అనుమతి కావాలి. పైగా వెనక్కి విసిరే లైనుకు అడ్డంగా నడక మనుషులు వస్తూనే ఉంటారు. చెరువు గట్లకూ ఇదే చిక్కు. పైగా ఊళ్లోని చెరువుల్లో చేపల హక్కును ప్రభుత్వం గుత్తకు ఇస్తుంది. కొక్కెం లేకుండా ఊరికే విసురుతున్నామన్నా గుత్తదారు మనిషి నమ్మడు, నమ్మాలని మనం అడగనూ కూడదు. కాబట్టి ఆదివారం ఖాళీగా ఉండే బడి మైదానం చూసుకోండి. మేము ఒక బడి వాచ్‌మన్ ద్వారా హెడ్మాస్టరును కలిసి, ఏం చేస్తామో రాడ్ చూపించి మరీ చెప్పి, కాగితం మీద సంతకం తీసుకున్నాం.

సిమెంటు నేల మీద, మేడ మీద, కారు పార్కింగులో సాధన వద్దు. లైను పూత గీసుకుపోతుంది, ఆ తర్వాత అది నీటి మీద సరిగా తేలదు. లైనును చెప్పులతో తొక్కకూడదన్న మాట కూడా ముందే చెప్పాలి.

మైదానంలో అడుగుపెట్టగానే తలెత్తి కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూడండి. ఇప్పటి రాడ్లన్నీ దాదాపు కార్బన్‌తో చేసినవే. కార్బన్‌లో విద్యుత్తు పారుతుంది. తీగలున్న వైపు ఎవరినీ నిలబెట్టకండి, సామగ్రి మోసుకువెళ్లేటప్పుడు కూడా రాడ్‌ను నిలువుగా పట్టుకోనివ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ సాయంత్రాలు ఉరుములతో వాన పడుతుంది. ఒక్క ఉరుము వినబడినా రాడ్లు కింద పెట్టి లోపలికి పోవాల్సిందే, "ఇంకొక్కసారి" అనేవారిని వినకండి.

నా మటుకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు తప్ప కొత్తవారికి తరగతి పెట్టను. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి హోరుమంటుంది. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు నుంచి వస్తుంది. అప్పుడు అందరినీ దక్షిణ ముఖంగా నిలబెడితే కుడిచేతివాటం వారికి గాలి ఎడమవైపు నుంచి తగిలి, లైను ఒంటికి దూరంగా పోతుంది. ఉత్తరం చూస్తూ నిలబెట్టారా, ప్రతి విసురుకూ లైను మొహం మీదికే వస్తుంది. అందరికీ కళ్లద్దాలు, టోపీ తప్పనిసరి. చూపు అద్దాలైనా సరే, చలువ అద్దాలైనా సరే, కళ్లకు ఏదో ఒకటి అడ్డం ఉండాలి. అద్దాలు లేనివారు ఆ రోజు చూసి వెళ్లవచ్చు, రాడ్ మాత్రం ఇవ్వను. ఈ విషయంలో నా మొండితనం గురించి మా అపార్ట్‌మెంటులో చాలా మాటలున్నాయి.

సామగ్రి ఎవరికి వారు కొనుక్కోనివ్వకండి. ఉత్సాహంతో కొన్నవి సగం అటకెక్కుతాయి. గుంపుకు కలిపి నాలుగు సెట్లు చాలు: తొమ్మిది అడుగుల, ఐదో నంబరు, నాలుగు ముక్కల రాడ్; దానికి సరిపడే ఐదో నంబరు తేలే లైను, వెయిట్ ఫార్వర్డ్ రకం, అంటే బరువు ముందు భాగంలోనే ఎక్కువగా ఉండేది. లైను నారింజ రంగుదో చిలకపచ్చదో అయితే కొత్తవారికి గాలిలో బాగా కనబడుతుంది. నాలుగూ ఒకేలా ఉండాలి, లేకపోతే చెయ్యి కుదరనివారంతా రాడ్‌ను తిడతారు. రీలు గురించి ఎక్కువ ఆలోచించకండి, చిన్న చేపలకు అది లైను చుట్టిపెట్టుకునే డబ్బా మాత్రమే. లైను చివర ఏడెనిమిది అడుగుల నైలాన్ లీడరు, అంటే లైనుకూ ఫ్లైకీ నడుమ ఉండే సన్నటి దారం, దాని కొసన ఎర్ర ఉన్ని పోగు ఒక అంగుళం. పచ్చిక మీద అదే ఫ్లై. కుక్కలు ఆ ఉన్ని పోగు వెంట పడతాయి, వాటికి బిస్కెట్లు వేసి మైదానం అవతల కూర్చోబెట్టే మనిషి ఒకరు ఉంటే మంచిది.

ఇక విసరడం. లైను రాడ్ కొస నుంచి ఇరవై ఐదు అడుగులు బయటికి లాగి, ఎదురుగా పచ్చిక మీద తిన్నగా పరిచి పెట్టండి. పిడిని గట్టిగా బిగించకుండా, బొటనవేలు పైకి వచ్చేలా పట్టుకోవాలి. కుడికాలు ఒక అడుగు వెనక్కి ఉంటే మెడ తిప్పి వెనుక లైనును చూడడం తేలిక. రాడ్ కొస నేలకు దగ్గరగా ఉండాలి, లైనులో వదులు ఉండకూడదు. అక్కడి నుంచి నెమ్మదిగా ఎత్తడం మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ వచ్చి, గడియారంలో లాగా తల మీద పన్నెండు ఉందనుకుంటే వెనుకవైపు ఒంటిగంట దగ్గర టక్కున ఆపాలి. ఆపాక ఆగాలి. లైను వెనుక పూర్తిగా సాగేదాకా ఆగి, మళ్లీ అదే తీరున నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచి, ముందువైపు పది దగ్గర ఆపాలి. లైను కిందికి దిగుతుంటే దానితో పాటే రాడ్ కొసను దించాలి.

ఎంత చెప్పినా ఈ "టక్కున ఆపడం" చాలామందికి తలకెక్కదు. గరిటెకు అంటుకున్న దోసెపిండిని గిన్నెలోకి విదిలిస్తారు చూశారా, పిండి ఎగిరేది చెయ్యి ఆగినప్పుడే అని చెబుతాను. వంటింట్లోకి అడుగుపెట్టినవారు వెంటనే అందుకుంటారు. రాడ్ ఆగితే దానిలోని వంపు విడిపోయి లైనును ముందుకు తోస్తుంది. లైను గాలిలో పక్కకు వాలిన హెయిర్‌పిన్నులా మడతపడి, ఆ మడత విప్పుకుంటూ పోతుంది. ఆపకుండా చెయ్యి వెంట తిప్పుతూ పోతే ఆ మడత వెడల్పై, లైను నీరసంగా పడిపోతుంది.

మొదటి పావుగంట లైనును గాలిలోకి ఎత్తనివ్వకండి కూడా. నేల మీద రెండు తాళ్లు సమాంతరంగా పరిచి, రాడ్‌ను అడ్డంగా పట్టుకుని, కొస ఆ తాళ్ల మధ్యనే కదిలేలా పక్కలకు విసరమనండి. లైను పచ్చిక మీదే అటూ ఇటూ తెరుచుకుంటుంది. కళ్లెదురుగా జరుగుతుంది కాబట్టి మెడ తిప్పే పని లేదు, ఎక్కడ ఆపితే ఏమవుతుందో వారికే తెలుస్తుంది. కొస తాడు దాటి వంకరగా పోయిందంటే లైను కూడా వంకరగానే పడుతుంది. నేను చూసినంతలో పాఠం మొత్తంలో అన్నిటికన్నా లాభమున్న పావుగంట ఇదే.

తప్పులు పట్టడానికి చెవులు కూడా కావాలి. వెనుక నుంచి కొరడా దెబ్బలాంటి చప్పుడు వచ్చిందంటే లైను సాగకముందే ముందుకు లాగేశారన్నమాట. కొక్కెం ఉండి ఉంటే ఫ్లై తెగి ఎగిరిపోయేది, ఇక్కడ ఉన్ని పోగు విడిపోతుంది. లైను వెనుక పచ్చికకు కొట్టుకుంటుంటే మణికట్టు వెనక్కి విరుస్తున్నారు. దానికి పాత మందు ఒకటుంది: పొడుగు చేతుల చొక్కా వేసుకుని రమ్మని, రాడ్ పిడి అడుగు కొసను మణికట్టు దగ్గర చొక్కా అంచులోకి దోపండి. విరవాలన్నా విరగదు. నైలాన్‌లో తమంత తామే ముడులు పడుతుంటే గాలిని తిట్టకండి. మొదట్లోనే బలమంతా పెట్టేసినప్పుడు లైను తన మీద తనే పడి ముడి వేసుకుంటుంది. ఒక్క ముడి పడినా లీడరు బలం బాగా తగ్గిపోతుంది, కాబట్టి చెరువు దగ్గర పడిన ముడిని విప్పాలి, లేదా ఆ ముక్కను కోసి పారేయాలి.

ఒక్కసారికి ఒక్క తప్పే చెప్పండి. మూడు చెబితే మూడూ పోతాయి. ఇరవై నిమిషాలకు ఒకసారి రాడ్ చేతులు మారాలి. చెయ్యి అలిసిపోయాక నేర్చుకునేది తప్పే. నేర్పేవారికి ఒక మనవి: డెబ్బై అడుగులు విసిరి చూపించే కోరిక మీకు ఉంటే తరగతి అయ్యాక తీర్చుకోండి. కొత్తవారికి పాతిక, ముప్పై అడుగులు తిన్నగా పడితే చెరువు దగ్గర కావలసినంత వచ్చినట్టే.

రెండో ఆదివారం విసరడం మళ్లీ చేయించి, పచ్చిక మీద పళ్లేలు పెట్టి గురి చూడమనండి. తర్వాత చేప లాగడం సాధన చేయించాలి. జంటలో ఒకరు రాడ్ పట్టుకుంటారు, రెండోవారు లీడరు కొస పట్టుకుని చేపలా లాక్కుంటూ పరుగెడతారు. లాగుతుంటే వేళ్ల కింద నుంచి లైను వదలాలి, ఆగగానే మరో చేత్తో లోపలికి లాక్కోవాలి. రాడ్ వంగి ఉండాలి కానీ తిన్నగా ఆకాశంలోకి నిలబడకూడదు, అలా నిలబెడితే కొస విరుగుతుంది. పోయినేడు మా పక్క బ్లాకు సరస్వతమ్మగారు చేప వేషం వేసి, ఎదుటివాడు కాస్త ఆదమరిచేసరికి లీడరు తెంపుకుని మైదానం కొసదాకా పరుగెత్తారు. అరవై దాటిన మనిషి. "బాబూ, నువ్వు నన్ను పట్టలేదు" అని ఆవిడ అక్కడి నుంచి అరిచిన అరుపు ఆ కుర్రాడికి నా ఉపన్యాసాలన్నిటికన్నా బాగా పనిచేసింది.

ముడి ఒక్కటి చాలు. సన్న నైలాన్‌తో మొదలుపెడితే ఎవరికీ ఏమీ కనబడదు, అందుకే నాడాలాంటి లావు తాడు, తాళంచెవుల రింగు ఇచ్చి కూర్చోబెట్టండి. తాడు కొసను రింగులోంచి దూర్చి, అసలు తాడు చుట్టూ ఐదు చుట్లు తిప్పి, రింగు పక్కనే ఏర్పడిన చిన్న కంతలోంచి తెచ్చి, అలా తెచ్చినప్పుడు ఏర్పడిన పెద్ద కంతలోంచి కూడా పోనిచ్చి బిగించాలి. దీన్ని ఇంప్రూవ్డ్ క్లించ్ అంటారు. తర్వాత అదే నైలాన్‌తో చేయించండి. బిగించే ముందు ఉమ్మితో తడపాలి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతిని అక్కడే తెగుతుంది. మిగతా ముడులు మీరే ముందుగా వేసి తీసుకువెళ్లండి, ఆ రోజుకు అవి వారికి అనవసరం.

మూడో ఆదివారానికి హొస్కోటె, దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి వైపు సొంత చేపల చెరువున్న రైతును చూసుకోండి. హొస్కోటె, కోలారు వైపు చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు కాబట్టి బేరం తేలిక. ఒక్క జాగ్రత్త: పొలంలో వాననీటి కోసం తవ్వి, అడుగున నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన కృషి హొండల దగ్గరికి గుంపును తీసుకువెళ్లకండి. చేపలున్నాయని చెప్పినా సరే. ఏటవాలు పట్టా మీద కాలు జారితే ఈత వచ్చినవారు కూడా పైకి ఎక్కలేరు. మట్టి గట్టు, నెమ్మదిగా లోతయ్యే అంచు, వెనుక చెట్లు లేని ఒక వైపు, ఈ మూడూ చూసుకోవాలి. ఒక పొడుగు తాడు, గాలి నింపిన ట్యూబు గట్టు మీద ఉండాలి.

రైతుతో మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి: రోజుకు ఎంత ఇవ్వాలి, పట్టిన చేప వదిలితే ఆయనకు అభ్యంతరమా, చనిపోయిన చేపకు తూకం లెక్కన ఎంత. మేము వెళ్లే చెరువు గౌడగారు మొదటిసారి ఫ్లైని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈ బొచ్చుముక్కకు చేప పడితే నేను మేతకు పెట్టే డబ్బంతా దండగేనమ్మా" అన్నారు. నిజానికి ఆ మేతే మీకు సాయం. ముందు రెండు రోజులు ఒకే మూలలో, ఒకే వేళకు మేత వేయమని అడగండి. బొచ్చె నీటి పైపైన తింటుంది, శీలావతి నడుమ, మోసు అడుగున. కొత్తవారికి ఇవేవీ కావు, తిలాపియా కావాలి. ఇక్కడ జిలేబి అంటారు. అది చిన్నదైనా తిండిపోతు, దేన్నయినా నోట్లో పెట్టుకుని చూస్తుంది. పన్నెండో నంబరు కొక్కెం మీద గోధుమరంగు ఫ్లై, నీళ్లలోకి ఒక అడుగు దిగనిచ్చి నెమ్మదిగా లాక్కుంటే చాలు.

కొక్కెం మొన వెనుక ఎదురుగా పొడుచుకు వచ్చే చిన్న ముల్లును పట్టకారుతో ముందు రోజు రాత్రే నొక్కేసి ఉంచండి. ఒక్కటి కూడా మిగలకూడదు, ప్రతి కొక్కేన్నీ దూది మీద గీసి చూడండి, దూది పీకితే మళ్లీ నొక్కండి. దీనివల్ల చేపకు మేలు, మనిషికి అంతకన్నా మేలు. చెవికో చేతికో గుచ్చుకుంటే వచ్చిన దారినే జారి బయటికొస్తుంది. కంటి దగ్గర గుచ్చుకుంటే మాత్రం మీరు తాకవద్దు, కదలకుండా కప్పి నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

లైనును వెనక్కి విసరకుండానే ముందుకు దొర్లించే రోల్ కాస్ట్ అనే విసురు ఈ రోజే నేర్పాలి. పచ్చిక మీద లైను జారిపోతుంది, నీరు దాన్ని కాస్త పట్టి ఉంచుతుంది కాబట్టి అది నీటి మీదే కుదురుతుంది. వెనుక జాగా లేని చోట అదే దిక్కు.

చేప పడితే కేకలు ఆపలేరు, ఆపనక్కర్లేదు. అయితే చెయ్యి తడి చేసుకున్నాకే చేపను ముట్టాలి, పొడి చెయ్యి దాని ఒంటి జిగురును తీసేస్తుంది. తిలాపియా వీపు ముళ్లు గుచ్చుకుంటాయి, తల వైపు నుంచి తోక వైపుకు రెక్కను నొక్కుతూ పట్టుకోవాలి. ఫొటో కావాలంటే వల నీళ్లలోనే ఉంచి, ఫోను సిద్ధమయ్యాక ఎత్తి, తీసి, దించేయాలి.

ఇంతా అయ్యాక అందరూ అడిగేది కావేరి నదిలో ఉండే మహసీర్ చేప గురించి. మూపు ఉన్న ఆ పెద్ద మహసీర్ 2018 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి. కావేరి ఒడ్డున భీమేశ్వరిలో ఒకప్పుడు మహసీర్ కోసం నడిచిన గాలం క్యాంపుల కథలు వినే ఉంటారు, కానీ కావేరి అభయారణ్యం పరిధిలో ఇప్పుడు గాలం వేయకూడదు. కొడగు వైపు పట్టి వదిలే పద్ధతిలో అనుమతి ఇచ్చే చోట్లుంటే, ఆ ఏటి నిబంధన కనుక్కుని, చెయ్యి బాగా కుదిరినవారితో వెళ్లండి. ట్రౌట్ కావాలంటే నీలగిరులు. అది చల్లటి నీటి చేప, బెంగళూరు చెరువుల్లో బతకదు.

తిరిగి బయలుదేరే ముందు గట్టంతా ఒకసారి నడిచి తెగిన నైలాన్ ముక్కలన్నీ ఏరి సీసాలో వేయండి. ఈ ఊళ్లో గద్దలు ఎన్నో మీకు తెలుసు, కాళ్లకు దారం చుట్టుకుని కొమ్మకు వేలాడే గద్దను ఒక్కసారి చూస్తే చాలు. లైనును గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క సబ్బుతో తడిపిన గుడ్డతో తుడిచి, రాడ్‌ను ఆరబెట్టాకే గొట్టంలో పెట్టాలి. సామగ్రి ఎవరింట్లో ఉండాలన్నది మొదటి రోజే తేల్చుకోండి. మావి మూడో అంతస్తులో ఉండే రిటైరైన స్టేషన్ మాస్టరుగారింట్లో ఉంటాయి. ఆయనకు చేపల మీద ఏ ఆసక్తీ లేదు. రిజిస్టరులో సంతకం పెట్టనిదే రాడ్ ఇవ్వరు, ఆదివారం రాత్రి ఎనిమిదిలోపు తిరిగి రాకపోతే మన తలుపు తట్టి అడుగుతారు.